మోకాలు తడితే మతిమరుపు బయటపడదు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "ఇంట్లో పెద్దవాళ్లకు డిమెన్షియా ఉందో లేదో రెండు నిమిషాల్లో మీరే చూసుకోండి" అని మొదలవుతుంది. మోకాలి కింద తడితే కాలు ఎగరకపోయినా, అరచేయి గీస్తే గడ్డం అదిరినా, ఒంటికాలి మీద 20 సెకన్లు నిలబడలేకపోయినా మెదడు పాడైపోతున్నట్టేనట. చివర్లో మందు కూడా చెప్పారు: రోజూ రాత్రి అరికాళ్లకు నువ్వుల నూనె మర్దన చేస్తే రిఫ్లెక్సులు (తట్టినా తాకినా మన ప్రమేయం లేకుండా వచ్చే కదలికలు) తిరిగొచ్చి మతిమరుపు పోతుందట. మా పెద్దమ్మ ఇది చదివి, అప్పడాల కర్రతో పెదనాన్న మోకాలి మీద రెండు వేసి, కాలు కదల్లేదని రాత్రంతా ఏడ్చింది.

ముందు ఆ మోకాలి సంగతే చూద్దాం. తట్టగానే కాలు ఎగరడం వెన్నుపాము దగ్గరే తేలిపోయే వ్యవహారం, తొడ కండరం నుంచి కబురు అక్కడికి వెళ్లి అక్కణ్ణుంచే వెనక్కి వస్తుంది, మధ్యలో మెదడును అడగదు. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ డాక్టర్లు దీని గురించి రాశారు, అప్పట్నుంచి డాక్టర్లు సుత్తితో చూస్తున్నది నరాల్నీ వెన్నుపామునీ గానీ జ్ఞాపకశక్తిని కాదు. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) ఉన్న మనిషికి మోకాలు చక్కగా ఎగరొచ్చు. షుగర్‌తో నరాలు దెబ్బతిన్న మనిషికి మతి నిక్షేపంగా ఉండి కాలు కదలకపోవచ్చు. మడమ దగ్గరి రిఫ్లెక్స్ అయితే వయసు మీద పడేసరికి చాలామందికి తగ్గిపోతుంది. పెదనాన్నకి ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది, పైగా ఆయన కాలు బిగబట్టుకుని కూర్చున్నారు (పెద్దమ్మ కర్ర పట్టుకుని వస్తుంటే ఎవరైనా అంతే). మతి విషయానికొస్తే, పాతపట్నంలో ఎవరెవరు తనకెంత బాకీయో వడ్డీతో సహా ఇప్పటికీ నోటికి చెబుతారు.

ఒకటి మాత్రం ఉంది. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ మందగించినా రిఫ్లెక్సులూ మారతాయి, మతిమరుపూ రావచ్చు. రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి, రెండింటికీ మందు ఉంది. అరికాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చుంటే పోయేది ఆ టైమే.

గడ్డం అదరడం గురించి రాసింది సగం నిజం. పసిపిల్లల అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటారు, బుగ్గ తాకితే అటు తిరిగి నోరు తెరుస్తారు. మెదడు ముందుభాగం ఎదిగే కొద్దీ ఇవి అణిగిపోతాయి, అంతేగానీ చెరిగిపోవు, ఆ ముందుభాగం దెబ్బతింటే మళ్లీ పైకి వస్తాయి. అరచేయి గీస్తే గడ్డం అదరడాన్ని 1920లోనే మరినెస్కు, రడోవిచి అనే డాక్టర్లు రాశారు. కానీ ఇది ఏ జబ్బూ లేని ముసలివాళ్లలోనూ, కొందరు కుర్రాళ్లలోనూ కనిపిస్తుంది కాబట్టి ఇదొక్కటి పట్టుకుని ఎవరికీ డిమెన్షియా అంటగట్టలేం.

మెసేజ్‌లో లేనిది, ఇళ్లల్లో నిజంగా తెలియాల్సింది, చేత్తో పట్టుకునే ఆ రిఫ్లెక్స్. డిమెన్షియా వచ్చిన మా మామ్మ ఆఖరి రెండేళ్లూ స్నానం చేయించేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుంటే వదిలేది కాదు, ఎన్ని గాజులు విరిగాయో లెక్కలేదు. వేళ్లు ఒక్కొక్కటీ విప్పబోతే ఇంకా బిగించేది, రవిక తొడగబోతే చెయ్యి కర్రలా చేసేది. "కావాలనే చేస్తోంది, ముసల్దానికి పంతం" అన్నాం అందరం, నేను కూడా. తర్వాత ఒక నర్సమ్మ చెప్పింది, అరచేతికి ఏది తగిలినా ఆ చెయ్యి మూసుకుంటుంది, లాగేకొద్దీ బిగుస్తుంది, అందులో ఆవిడ ఇష్టం ఏమీ లేదు అని. వేళ్లతో కుస్తీ పట్టకుండా చేతి వెనక వైపు నిమిరి, మణికట్టు మెల్లగా లోపలికి వంచమంది. వదిలేది! స్నానానికి ముందే చేతిలో చుట్టిన తువ్వాలు పెట్టేవాళ్లం. రవిక కూడా అంతే, తొందరపెడితే బిగుసుకునే చెయ్యి నిదానంగా కదిపితే వదులయ్యేది. అప్పటికే మామ్మని చాలా తిట్టేశాం.

ఒంటికాలి సంగతి. 2014లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ వాళ్లు, సగటున 67 ఏళ్ల వయసువాళ్లలో, 20 సెకన్లు నిలవలేనివాళ్లకు మెదడు చిన్న రక్తనాళాల్లో దెబ్బలు ఎక్కువ కనిపించాయన్నారు. నిలవలేనివాళ్లందరికీ డిమెన్షియా అని అనలేదు. మోకాళ్లు అరిగినవాళ్లు, చూపు తగ్గినవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు ఎక్కడ నిలుస్తారు? దయచేసి ఇంట్లో ముసలివాళ్లని ఒంటికాలి మీద నిలబెట్టి ఫోన్లో సెకన్లు లెక్కపెట్టకండి.

డిమెన్షియాలో మందగించేది చూసి, అర్థం చేసుకుని, కదిలే వేగం. ఆటో హారన్ వినిపించాక ఎటు జరగాలో తేల్చుకోవడానికి టైం పడుతుంది. జబ్బు ముదిరాక మింగడం కూడా తేడా వస్తుంది, అన్నం తింటుంటే మాటిమాటికీ పొరబోతుంటే డాక్టరుకి చెప్పండి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

మతిమరుపు తేల్చాలంటే మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించాలి, ఇంట్లోవాళ్లని అడగాలి, రక్తపరీక్షలు, అవసరమైతే స్కాన్ చెయ్యాలి. మన వైపు ఇంకో చిక్కు ఉంది. ఒక ఆసుపత్రిలో (పేరెందుకులెండి) మామ్మని ఇవాళ ఏ వారమని ఒడియాలో అడిగారు. బజారు ఒడియా జీవితమంతా గలగలా మాట్లాడిన మనిషి, అప్పటికి అదంతా జారిపోయి తెలుగొక్కటే మిగిలింది, బిక్కమొహం వేసింది. సున్నా వేశారు. నేను తెలుగులో అడిగితే "లక్ష్మివారం కాదేటే" అంది, ఆ వేళ లక్ష్మివారమే. మిగతావి చాలా తప్పే చెప్పిందనుకోండి, జబ్బు ఉన్న మాట నిజమే, కానీ పరీక్ష చేసేటప్పుడు పక్కన తెలుగు వచ్చినవాళ్లు ఉండేలా చూసుకోండి.

ఇక నువ్వుల నూనె. డిమెన్షియాని వెనక్కి తిప్పే నూనె ఏదీ లేదు. హాయిగా ఉంటుందని రాసుకుంటే రాసుకోండి, తుడుచుకోకుండా మాత్రం గచ్చు మీద నడవకండి, ఆ వయసులో జారిపడితే విరిగేది తుంటి ఎముక.