సున్నా గోల్స్ అంటే చిన్నచూపా?
అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టుకి ఆడిన బెకీ సావర్‌బ్రన్ రిటైర్మెంట్ మీద వచ్చిన ఒక వ్యాసంలో 219 మ్యాచ్‌లు, సున్నా గోల్స్ అన్న లెక్కని ఏదో వింతలా పెట్టారు. అయ్యా, ఆమె సెంటర్ బ్యాక్, అంటే గోల్ కొట్టడం కాదు, ప్రత్యర్థుల్ని కొట్టనివ్వకుండా అడ్డుకునే డిఫెండర్ కదా! 2015 వరల్డ్ కప్‌లో మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఒక గోల్ కొట్టాక, మళ్లీ ఫైనల్లో జపాన్ కొట్టేదాకా అమెరికా వలలో బంతి పడలేదు. నేల మీద జారి బంతి లాక్కునే (టాకిల్ చేసే) అవసరం ఆమెకి పెద్దగా వచ్చేది కాదు. గోల్ కొట్టడానికి వచ్చే ప్రత్యర్థి ఫార్వర్డ్ ఎటు తిరగబోతోందో ముందే పసిగట్టి, రెండడుగులు పక్కకి జరిగి పాస్ దారి మూసేసేది. హైలైట్స్‌లో ఇది ఎక్కడ కనిపిస్తుంది లెండి. 2008లో ఆడిన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే ముక్కు పగిలిన సంగతి కూడా రాయాల్సింది. అన్నట్టు, పురుషుల జట్టుతో సమాన వేతనాల కోసం జరిగిన పోరాటానికి ఆ వ్యాసంలో ఒక్క వాక్యమేనా? 2022లో ఒప్పందం కుదిరినప్పుడు క్రీడాకారిణుల సంఘం అధ్యక్షురాలు ఆమే.