మా బుజ్జిగాడు ఒంటరిగా గట్టు మీద కనిపిస్తే

వేసవిలో కాలువలు కట్టేసిన ఆ నెలన్నరే నేను కంటినిండా నిద్రపోయేది. ఊళ్ళో అందరూ నీళ్ళెప్పుడొదులుతారా అని చూస్తుంటారు. నారుమళ్ళు పోసుకోవాలి, చెరువుల వాళ్ళకి నీళ్ళు చాలవు, ఎండలకి కొబ్బరి మొవ్వులు కూడా వాడిపోతుంటాయి. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళొదిలారని కబురు రాగానే అందరి మొహాలూ విచ్చుకుంటాయి. నేను మాత్రం ఆ రోజు వీధి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటాను.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. మా గుమ్మానికీ కాలువ గట్టుకీ మధ్య దూరం నూట ఇరవై అడుగులు. మా ఆయన టేపు పెట్టి కొలిచారు. ఆ దూరం మా బుజ్జిగాడు పరుగెత్తితే ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలని కొలిచారు.

నాకు ముగ్గురు పిల్లలు. పెద్దది మూడో తరగతి. రెండోవాడు బుజ్జిగాడు, ఆరేళ్ళు నిండాయి, వాడికి ఆటిజం. చంటిదానికి ఏడాదిన్నర. వాడు నాలుగేళ్ళప్పుడు మొదటిసారి పలికిన మాట అమ్మ కాదు, నాన్న కాదు. "నీయు." నీళ్ళు అని. కుళాయి కింద చెయ్యి పెట్టి కూర్చుంటే వాడికి ప్రపంచంతో పనిలేదు. బకెట్లో నీళ్ళు కదులుతుంటే ఆ వెలుగు గోడ మీద ఆడుతుంది చూడండి, దాన్ని చూసి వాడు నవ్వే నవ్వు నేను ఇంకెక్కడా చూడలేదు.

మా రోజు ఎలా గడుస్తుందో చెప్పకపోతే తర్వాత సంగతి మీకు అర్థం కాదు. తెల్లవారి ఐదింటికే పెరట్లో, తలుపేసుకుని మిక్సీ తిప్పేస్తాను. వాడు లేచాక ఆ చప్పుడు వింటే చెవులు రెండూ మూసుకుని గోడకి తల కొట్టుకుంటాడు. పెరుగన్నం, అందులో నలిపిన అప్పడం, రెండు పూటలా అదే. అప్పడం మెత్తబడితే ఇక ఆ పూటకి తిండి లేదు. చొక్కా మెడ దగ్గర ఉండే లేబుల్ వాడికి ముల్లులా గుచ్చుకుంటుంది, అన్నీ కత్తిరించేస్తాను. క్షవరం నిద్రలోనే, వాళ్ళ నాన్న కత్తెర పట్టుకుని, ఒక రాత్రి కుడివైపు, మర్నాడు ఎడమవైపు. చంటిది ఏడుపు అందుకుంటే వాడు బయటికి పరుగెడతాడు. వాడి వెనక నేను పరుగెడితే చంటిది ఇంకా గట్టిగా ఏడుస్తుంది. ఆ గోలలోనే పెద్దది ఎక్కాల పుస్తకం పట్టుకుని "అమ్మా, ఒక్కసారి అప్పజెప్పించుకో" అంటుంది. దానికి నేను జవాబివ్వని రోజులే ఎక్కువ.

పోయినేడు శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం రోజు. పేరంటాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు, తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. నేను తాంబూలాలు సర్దుతున్నాను. చంటిది మా అత్తగారి ఒళ్ళో ఉంది. బుజ్జిగాడి దగ్గర పెద్దదాన్ని కూర్చోబెట్టాను. ఒక్క ఐదు నిమిషాలు. తర్వాత చూస్తే వాడు లేడు.

ఇరవై నిమిషాలు వెతికాం. కాలువ గట్టు దాకా నిండి పారుతోంది. ఆ ఇరవై నిమిషాల గురించి ఇంతకంటే రాయలేను.

రేవు దగ్గర దొరికాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అరచేత్తో నీళ్ళు తడుతున్నాడు. పక్క ఊరి నుంచి కొబ్బరి దింపుకి వచ్చిన ఒకాయన వాడి రెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంకో మెట్టు దిగబోయాడమ్మా. పిలిస్తే ఇటు చూడట్లేదు. ఏదో తేడాగా ఉందనిపించి దిగి పట్టుకున్నాను" అన్నాడు. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాను.

తర్వాత తెలిసింది, దానికి ముందే ముగ్గురు వాడిని గట్టు మీద చూశారట. ముగ్గురూ మా ఊరివాళ్ళే. ఒకరు, "వాళ్ళ నాన్న వెనకాల వస్తున్నాడేమో అనుకున్నాను" అన్నారు. ఒకరు, "ఎక్కడికిరా అనడిగితే పలక్కుండా పోయాడు, పొగరేమో అనుకున్నా" అన్నారు. ఇంకొకామెకి వాడు మా పిల్లాడని కూడా తెలీదు. ఆరేళ్ళుగా ఒకే వీధిలో ఉంటున్నాం, ఆమెకి మా పిల్లాడు తెలీదు!

ఆ సాయంత్రం నుంచి వారం రోజులు వినని మాట లేదు. "అలాంటి పిల్లాడిని పెట్టుకుని పేరంటాలెందుకమ్మా?" "నడుముకి తాడు కట్టి మంచానికి కట్టేయండి." "ఎక్కడన్నా హాస్టల్ ఉంటుంది, చేర్చేయండి." "ఫోన్ చూపించి చూపించి ఇలా చేసుకున్నారు." వీటిలో ఒక్కదానికీ అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

ఆటిజం ఫోన్ చూడటం వల్ల రాదు. తల్లి పెంపకం వల్లా రాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా అది. వాడికి పొగరు లేదు. పిలిస్తే పలకకపోవడం ఆ తేడాలో భాగం. ఇలా చెప్పకుండా వెళ్ళిపోవడం కూడా మా ఒక్క ఇంట్లోనే జరిగేది కాదు. 2012లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో వెయ్యికి పైగా కుటుంబాలను అడిగితే, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా అలా వెళ్ళిపోయారని తేలింది. ఈ పిల్లలకి నీళ్ళలో మునిగిపోయే ప్రమాదం మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువ. అంత పెద్ద ఆస్పత్రిలో మాకు కాగితం మీద ఆటిజం అని రాసిచ్చిన డాక్టరుగారు ఈ మాట చెప్పలేదు. మీ ఇల్లెక్కడ, చుట్టుపక్కల నీళ్ళున్నాయా అని అడగలేదు. కోనసీమ నుంచి వచ్చామని చీటీ మీద రాసే ఉంది. ఎటు చూసినా కాలువ, బోదె, చెరువు, రొయ్యల గుంట ఉండే చోట ఆ ఒక్క ప్రశ్న అడగాలా వద్దా?

తాడు కట్టమన్న వాళ్ళకి ఇంకో మాట. మా ఇంటికి ఇప్పుడు మూడు గడియలున్నాయి, ఒకటి వాడికి అందనంత ఎత్తులో ఉంది. కానీ గడియ వేసేది మనిషే. పాలవాడు వస్తాడు, చుట్టాలొస్తారు, కరెంటు పోతే గాలి కోసం తలుపు తీస్తాం. ఏదో ఒక పూట అది తీసే ఉంటుంది. ఆ పూట వాడిని గట్టు మీద చూసిన మనిషికి వాడెవరో, ఎందుకు పలకడో, ఎందుకు ఆపాలో తెలిసుండాలి. తెలీకపోవడం ఆ ముగ్గురి తప్పు అనను. తెలియనివ్వనిది మేమే.

అవును, దాచాం. రెండేళ్ళ వయసులో అంగన్‌వాడీ టీచర్‌గారే మొదట చెప్పారు, "పేరు పెట్టి పిలిస్తే చూడట్లేదు, వేలు పెట్టి ఏదీ చూపించట్లేదు, ఒకసారి చూపించండమ్మా" అని. ఆవిడ మీద నాకు కోపమొచ్చింది. నెల రోజులు వాడిని పంపలేదు. మా అత్తగారు, "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదు, కంగారెందుకు" అన్నారు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. చెవుడేమోనని చెవి పరీక్ష చేయిస్తే చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. కాకినాడ వెళ్ళి ఆటిజం అని తెలుసుకునేసరికి ఏడాదిన్నర పోయింది. చిన్నప్పుడే మొదలుపెడితే మేలు జరిగే థెరపీలో ఏడాదిన్నర!

తెలిశాక కూడా బయటపెట్టలేదు. "నలుగురికీ తెలిస్తే రేపు పెద్దదానికి సంబంధాలు రావే" అన్నారు మా అత్తగారు. దానికప్పుడు ఐదేళ్ళు. ఆవిడని ఒక్కదాన్నీ అనడానికి లేదు, నేనూ తలూపాను. పెళ్ళిళ్ళకి వాడిని తీసుకెళ్ళడం మానేశాం. కనుమనాడు ప్రభల తీర్థానికి ఊరు ఊరంతా వెళ్తే నేను వాడితో ఇంట్లో ఉండిపోయాను. ఆ డప్పులూ బాణసంచా వాడు నిజంగానే తట్టుకోలేడు, కానీ నేను ఆగిపోయింది వాడి చెవుల కోసమే కాదు, జనం చూస్తారని కూడా.

అన్నిటికంటే నన్ను కాల్చేసేది పెద్దదాని సంగతి. వాడు దొరికిన రాత్రి అది అన్నం తినలేదు. దగ్గరికి తీసుకుంటే, "నేను బాత్రూమ్‌కి వెళ్ళొచ్చానమ్మా, అంతే. నాదే తప్పు" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల! అక్కవి కదా, తమ్ముడిని చూసుకో అని మేమూ, చుట్టాలూ, వీధిలో పోయేవాళ్ళూ చెప్పి చెప్పి ఆ పసిదాన్ని కాపలాదారుని చేశాం. సాయంత్రం పూట తొక్కుడుబిళ్ళ ఆడటం అది ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు. దయచేసి ఏ ఆడపిల్లతోనూ "మేమున్నంత కాలం సరే, తర్వాత నువ్వే వాడికి అమ్మవి" అనకండి. మా చుట్టాల్లో ఒకావిడ ప్రేమగానే అంది ఆ మాట. మా పెద్దది ఆ రాత్రి నన్నడిగింది, "నువ్వెప్పుడు చచ్చిపోతావమ్మా?" అని.

అందుకని మా ఆయనా నేనూ దాచడం ఆపేశాం. డ్వాక్రా మీటింగ్‌లో పొదుపు డబ్బులు కట్టడం అయ్యాక నిలబడి చెప్పాను. గొంతు వణికింది, కానీ చెప్పాను. వాడి ఫోటో చూపించాను. నా తర్వాత ఒకావిడ లేచి, తన మనవరాలికీ ఐదేళ్ళొచ్చినా మాటల్లేవని అందరి ముందూ ఏడ్చేసింది. ఒక్క ఊళ్ళో ఇలా ఎన్ని ఇళ్ళు తలుపులేసుకుని ఉన్నాయో! మా ఆయన ఆటో స్టాండులో, టీ కొట్టు దగ్గర, లాకుల దగ్గర చెప్పారు. గట్టు మీద రోజూ తిరుగుతూ కాలువ చూసుకునే లస్కరుకి వాడిని స్వయంగా తీసుకెళ్ళి చూపించారు. వాడి మొలతాడుకి మా ఫోన్ నంబరు చెక్కించిన చిన్న స్టీలు బిళ్ళ కట్టాం. మెడలో ఏం వేసినా, చేతికి ఏం కట్టినా తెంపేస్తాడు. మొలతాడు మాత్రం పుట్టిన పదకొండో రోజు నుంచీ ఉంది, దాని జోలికి పోడు.

ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు "మిగతా పేరెంట్స్ ఇబ్బంది పడతారండి" అని తిప్పి పంపేశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం అందులో ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలూ ఈ కారణంతో పిల్లల్ని కాదనకూడదని అదే చట్టం చెప్తుంది. ఆ రోజు నాకు తెలీదు, తెలిసుంటే అక్కడే నిలబడి అడిగేదాన్ని. ఇప్పుడు మా ఊరి సర్కారు బడికే వెళ్తున్నాడు. ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం టీచర్ వారానికోసారి చూస్తారు. వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే సదరం సర్టిఫికెట్ వచ్చింది, నెలకి 6,000 రూపాయల పింఛను వస్తోంది. అది కాకినాడ థెరపీ ఫీజులకీ, బస్సు ఛార్జీలకీ సరిపెట్టుకుంటున్నాం. ఎదుర్లంక వంతెన మీదకి బస్సు ఎక్కగానే వాడు కిటికీకి అతుక్కుపోయి గౌతమీ గోదావరిని చూస్తూ నిశ్శబ్దంగా అయిపోతాడు. ఆ కాసేపు నేనూ కళ్ళు మూసుకుంటాను.

బడి కాలువ పక్కనే ఉంది. గేటుకి గడియ లేదు. రేవు మెట్లకి అడ్డు లేదు. పంచాయతీలో అర్జీ పెట్టాం, రెండుసార్లు తిరిగాం. మా వాడొక్కడి కోసం కాదు, ఆ బడిలో ఒకటో తరగతి పిల్లలు ఇంకా పదముగ్గురున్నారు. ఈ ఊరికి రోడ్డుకీ, గుడి రంగులకీ డబ్బులొచ్చాయి. నాలుగు ఇనప గొట్టాలకి ఎందుకు రావో ఎవరైనా చెప్పాలి.

ఈ వేసవి మొదట్లో, కాలువ ఇంకా కట్టేయక ముందు, మా ఆయన బాబాయిగారు వాడికి ఈత మొదలుపెట్టారు. మా వైపు పిల్లలందరికీ నేర్పినట్టే, రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి వీపుకి ఆనించి. "నీళ్ళ పిచ్చి ఇంకా ముదురుతుంది" అని కొందరన్నారు. నేర్పినా నేర్పకపోయినా వాడు నీళ్ళ దగ్గరికే వెళ్తాడు. ఇప్పుడు వెల్లకిలా తేలుతూ పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉండగలుగుతున్నాడు. ఈత వచ్చినంత మాత్రాన వదిలేయబోం. చెయ్యి జారిన రోజున మనం చేరేదాకా తేలి ఉంటే చాలు.

నిన్న కాలువకి నీళ్ళొచ్చాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను. మా వైపు వాళ్ళు ఎవరైనా చదివితే గుర్తుపెట్టుకోండి. ఆరేళ్ళ పిల్లాడు ఒంటరిగా గట్టు మీద వెళ్తూ, పిలిస్తే పలక్కపోతే, కేకలు పెట్టకండి, వెనక నుంచి పట్టుకోకండి, బెదిరి నీళ్ళవైపే పరుగెడతాడు. ముందుకి వెళ్ళి, వాడి ఎత్తుకి వంగి, చెయ్యి చాచండి. "నీళ్ళు ఇంట్లో" అనండి, ఆ మాటకి వస్తాడు. మొలతాడుకి నంబరుంది. సిగ్నల్ లేకపోతే తీసుకొచ్చేయండి. లాకులు దాటాక రెండో సందు, ముందు పనస చెట్టున్న పెంకుటిల్లు. ఇప్పుడు ఎవరినడిగినా చెప్తారు.