అటక మీది పెట్టెలు, గట్టు మీది పనిముట్లు

గత శీతకాలంలో విశాఖపట్నం సీతమ్మధారలోని మా అమ్మ ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ వంటింటి అటక మీది అట్టపెట్టెలన్నీ కిందికి దింపాము. కూరగాయలను దారాల్లా సన్నగా తురిమే యంత్రం, ఒకేసారి ఆరు గుడ్లు ఉడికించే కరెంటు పాత్ర, బ్రెడ్ చేసే యంత్రం, పండ్లరసం తీసే యంత్రం, మొక్కజొన్న పేలాలు వేయించే డబ్బా కనిపించాయి. పదిహేనేళ్లలో అమెరికా నుంచి నేనూ, ఆస్ట్రేలియా నుంచి మా తమ్ముడూ మోసుకొచ్చిన వస్తువులే అవన్నీ. దుమ్ము పట్టకుండా అమ్మ ఒక్కొక్క పెట్టెనూ పాత చీర ముక్కలో మూటగట్టి దాచింది. రెండింటికి లోపలి ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. ఎందుకు వాడటం లేదని అడిగితే, "వస్తువులు మంచివేనమ్మా, కాని ఇన్ని ముక్కలు ఎవరు విప్పుతారు, ఎవరు కడుగుతారు?" అంది. ఆ మాట న్యూజెర్సీకి తిరిగి వచ్చాక కూడా నన్ను వదలలేదు.

ఇక్కడి మన తెలుగు సంఘంలో చాలామందిమి డిసెంబరు, జనవరి నెలల్లో స్వదేశం వెళతాము. సూట్‌కేసులో మిగిలిన నాలుగైదు కిలోల జాగాలో తల్లిదండ్రులకు పనికొచ్చేది ఏదైనా పెట్టాలన్న ప్రేమతోనే ఈ వింత పరికరాలను కొంటాము. అయితే వంటలో ఏ శ్రమ ఎవరి ఒంటిని నొప్పిస్తున్నదో తెలుసుకొని, ఆ ఒక్క శ్రమనైనా నిజంగా తగ్గించే పరికరమే కొనదగినదని, ఆ సంగతి పొయ్యి దగ్గర నిలబడే మనిషిని అడగకుండా ఎవరికీ తెలియదని నా దృఢమైన అభిప్రాయం.

మన వంటింట్లోకి వచ్చిన యంత్రాల్లో ఈ పరీక్షకు పూర్తిగా నిలిచింది మిక్సీ. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు భార్య మాధురి వాడుతున్న జర్మనీ మిక్సీ మోటారు కాలిపోయినప్పుడు, ఆయన మన పప్పులనూ మసాలా దినుసులనూ తట్టుకోగల బలమైన మోటారుతో 1963లో తానే ఒకటి తయారుచేశారు. అదే సుమీత్ పేరుతో దేశమంతటా వంటిళ్లలోకి చేరింది. పండ్లనూ పాలనూ చిలకడానికి చేసిన యంత్రం కొబ్బరిచెక్కలనూ నానిన మినప్పప్పునూ నూరలేదన్న లోటు మొదట తెలిసింది రోజూ నూరే ఇల్లాలికే. మా అమ్మమ్మ యాభై ఏళ్లు రుబ్బురోట్లో పొత్రం తిప్పింది. ఆఖరి రోజుల్లో తల దువ్వుకోవడానికి కూడా ఆమె కుడి చెయ్యి పైకి లేచేది కాదు. రోటి పచ్చడి రుచిని నేను కూడా ప్రేమిస్తాను, కాని ఆ రుచి గురించి ఎవరైనా గొప్పగా చెప్పినప్పుడల్లా నాకు ఆ భుజమే గుర్తుకు వస్తుంది.

కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు కూడా అంతటి అర్హత ఉంది, కాని అందరి ఇళ్లలోనూ కాదు. మిక్సీ బ్లేడు నిమిషానికి సుమారు 18 వేల నుంచి 20 వేల చుట్లు తిరుగుతుంది కనుక పిండి త్వరగా వేడెక్కుతుంది. గ్రైండరు రాళ్లు అందులో నూరో వంతు వేగంతో నింపాదిగా తిరుగుతూ మినప్పిండిని చల్లగా, గుల్లగా ఉంచుతాయి. గారెల్లోనూ ఇడ్లీల్లోనూ ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. వారానికి రెండుసార్లు పిండి రుబ్బే ఇంట్లో అది ఉండవలసిందే. నెలకొకసారి రుబ్బుకునేవారు మిక్సీలో చల్లని నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అమ్మ గట్టు మీద రోజూ కనిపించే ఒక పనిముట్టు గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూశాకే పై అభిప్రాయం నాలో గట్టిపడింది. అది చేత్తో తిప్పే కొబ్బరి కోరాము. అడుగున రబ్బరు కప్పు ఉంటుంది. చిన్న మీట నొక్కితే అది నున్నని గ్రానైట్ గట్టును గాలి చొరకుండా పట్టుకుంటుంది. ఒక చేత్తో కొబ్బరిచిప్పను పళ్లకు ఆనించి, రెండో చేత్తో పిడి తిప్పితే కోరు పళ్ళెంలో రాలుతుంది. పూర్ణా మార్కెట్ ప్రాంతంలోని పాత్రల దుకాణంలో అమ్మ దాన్ని కొన్ని వందల రూపాయలకు కొనుక్కుంది. అంతకుముందు కత్తిపీట మీద కూర్చునేది. కత్తిపీట అద్భుతమైన పనిముట్టు; మన ఒంటి బరువే దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, చివరనున్న పళ్ల బిళ్ల కొబ్బరి కోరడానికి పనికొస్తుంది. కాని దాన్ని వాడాలంటే నేల మీద కూర్చోగలగాలి, మళ్లీ లేవగలగాలి. డెబ్బై దాటిన మోకాళ్లకు ఆ లేవడమే గండం. నేల మీది వంట గట్టు మీదికి మారినప్పుడు మన పనిముట్లు అన్నీ దానితో పాటు లేచి నిలబడలేదు. మన అమ్మల ఒంటినొప్పుల్లో కొంత భాగం అలా మిగిలిపోయిన పనిముట్ల దగ్గర పుట్టిందే. కోరాము వచ్చాక అమ్మ మళ్లీ కొబ్బరి పచ్చడి, కొబ్బరన్నం చేయడం మొదలుపెట్టింది. అంటే ఆ కొద్దిపాటి డబ్బుకు ఇంట్లో ఆగిపోయిన రెండు వంటలు తిరిగి వచ్చాయి. మేము మోసుకొచ్చిన యంత్రాలు వేటికీ ఆ ఘనత దక్కలేదు.

ఒకే పరికరం ఒక ఊళ్లో వరమై మరో ఊళ్లో బరువు కావచ్చు. 2010లో కెనడాలో వెలువడిన ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కరు న్యూజెర్సీలోని మా ఇంట్లో చలికాలమంతా పనిచేస్తుంది. బయట మంచు పడుతున్నప్పుడు ఇడ్లీ పిండి రెండు రోజులైనా పులవదు. పెరుగు తోడుపెట్టే అమరికతో గిన్నెను గోరువెచ్చగా ఉంచితే తెల్లవారేసరికి పొంగుతుంది. విశాఖలో రాత్రి గట్టు మీద పెట్టిన పిండి ఉదయానికల్లా తనంతట తానే పులుస్తుంది, ఒక్కోసారి మూత తోసుకొని బయటికి వస్తుంది. ఇక పప్పు విషయానికి వస్తే, మన పొయ్యి మీది ప్రెషర్ కుక్కరులో చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల ఒత్తిడి చేరి, నీటి వేడి 121 డిగ్రీల సెల్సియస్ దాకా పెరుగుతుంది. కరెంటు కుక్కరులో ఒత్తిడి అంతకు తక్కువే కనుక కందిపప్పుకు మరికొన్ని నిమిషాలు పడుతుంది. పైగా అమ్మ కుక్కరు రబ్బరు రింగు పాడైతే వీధి చివరి దుకాణంలో దొరుకుతుంది. కనుక అమ్మకు కరెంటు కుక్కరు కొనవద్దని, విదేశాల్లో చలిప్రాంతాల్లో ఉన్నవారు మాత్రం నిస్సంకోచంగా కొనుక్కోవచ్చని చెబుతాను.

ఎయిర్ ఫ్రయర్ గురించి అందరూ అడుగుతారు. అది నిజానికి వేడి గాలిని గట్టిగా విసిరే చిన్న ఓవెన్. కాకరకాయ చక్రాలు, చేమదుంపలు, నూనె రాసి మసాలా పట్టించిన వంజరం ముక్కలు అందులో బాగా వస్తాయి, ఫ్లాటంతా చేపల వాసన నిండదు. పుణుగులు, మిరపకాయ బజ్జీలు, గారెలు రావు. జారుడు పిండి గట్టిపడాలంటే కాగిన నూనె అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా తాకాలి. నూనె తగ్గించుకోమని వైద్యులు చెప్పిన ఇంట్లో అది కొనదగినదే.

యంత్రం చేసే పనిని చెయ్యి అంతే సులువుగా చేయగలిగితే ఆ యంత్రం కొనకూడదు. ఇందుకు జూసెరో కథ గుర్తుంచుకోదగినది. 2016లో అమెరికాలో 699 డాలర్ల ధరతో విడుదలైన ఆ యంత్రం, కంపెనీ అమ్మే తరిగిన పండ్ల సంచులను పిండి రసం తీసేది. తరువాత ధరను 399 డాలర్లకు తగ్గించారు. 2017లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు ఆ సంచులను చేతులతో పిండినా దాదాపు అంతే రసం వస్తుందని చూపించారు, ఆ ఏడాది సెప్టెంబరులోనే వ్యాపారం మూతపడింది. రొట్టెలను తానే కలిపి, ఒత్తి, కాల్చే రోటీమ్యాటిక్‌ను మాత్రం నేను ఆ కోవలో చేర్చను. ఎక్కువ ధర పెట్టి కొనవలసిన ఆ యంత్రం, రాత్రిపూట రెండు పుల్కాలు తినే మా అమ్మకు అనవసరం. ఉద్యోగాలకు వెళ్లే దంపతులు, పిల్లలు, మధుమేహం వల్ల పుల్కాలకు మారిన పెద్దవాళ్లు కలిసి ఉండే ఇంట్లో రోజుకు పాతిక పుల్కాలు కావాలంటే, ఆ ఖర్చును తప్పుపట్టలేను. ఒక్క పనికే పనికొచ్చే పరికరం వ్యర్థమని కొందరు అంటారు, దానితో కూడా నేను ఏకీభవించను. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే బోర్లించిన కుండ ఆ ఒక్క రేకు తీయడానికే పుట్టింది; అయినా ఎన్నో కుటుంబాల బతుకు దాని మీదే నడుస్తున్నది. జంతికల గొట్టం కూడా ఏడాదికి నాలుగుసార్లే బయటికి వస్తుంది, కాని ఆ పని మరి దేనితోనూ కాదు.

కరెంటు సంగతి తెలియక నేను చేసిన తప్పును ఇతరులు చేయకూడదని ఇక్కడ చెబుతున్నాను. అమెరికాలో ఇళ్లకు 120 వోల్టుల కరెంటు వస్తుంది, భారతదేశంలో 230 వోల్టులు. అమెరికా నుంచి నేను తెచ్చిన రసం యంత్రాన్ని ప్లగ్గు మార్చే చిన్న ముక్క తగిలించి పెట్టగానే పొగ వచ్చి మోటారు మాడిపోయింది. ఆ ముక్క పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. నీళ్లు కాచే, రొట్టె కాల్చే వస్తువులైతే మరీ ప్రమాదం. వోల్టేజి రెట్టింపుకు దగ్గరైతే వేడి దాదాపు నాలుగు రెట్లకు చేరుకుంటుంది. ఆస్ట్రేలియాలోనూ 230 వోల్టులే కనుక తమ్ముడు తెచ్చినవి పనిచేశాయి. భారతదేశం నుంచి అమెరికాకు తీసుకువెళ్లేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. విశాఖలో కొన్న గ్రైండరుకు అమెరికాలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా, అది వోల్టేజినే మారుస్తుంది, కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందో దాన్ని మార్చలేదు; మన దేశంలో అవి 50, అమెరికాలో 60. అందువల్ల రాళ్లు వాటికి నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువగా తిరుగుతాయి. అమెరికా కోసమే చేసిన మిక్సీలు, గ్రైండర్లు అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి కనుక వాటినే కొనుక్కోవాలి. సూట్‌కేసులోని బరువును ఇత్తడి జంతికల గొట్టానికీ, పొంగణాల పెనానికీ కేటాయించుకోవడం మంచిది.

విశాఖకు ఉన్న మరో ప్రత్యేకత ఉప్పుగాలి. సముద్రం నుంచి వచ్చే ఆ తేమ తక్కువరకం స్టీలు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు తెస్తుంది, అంకెల తెరలూ మీటలూ ఉన్న పరికరాల లోపలి సర్క్యూట్లను మెల్లగా తినేస్తుంది. అలా చెడిన మిక్సీని మా పేటలో బాగుచేసే మనిషి ఉన్నాడు. లోపలి చిన్న భాగాలైన బుష్‌లు, కప్లర్లు మార్చి గంటలో ఇస్తాడు. విదేశీ యంత్రం చెడితే అతడు మూత తీసి చూసి, తిరిగి బిగించి ఇచ్చేస్తాడు. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని కుదిపినప్పుడు రోజుల తరబడి కరెంటు రాలేదు, ఫోన్లు పలకలేదు. ఆ రోజుల్లో ఇంట్లో పచ్చడి నూరింది పెరట్లోని సన్నికల్లు మీదేనని అమ్మ తరువాత చెప్పింది. రోజూ నూరమని ఎవరినీ అడగను, కాని ఆ రాయిని పారేయవద్దని మాత్రం కోరతాను.

మరొక మనిషిని కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి. అమ్మ ఇంట్లో గిన్నెలు తోమేది పనికి వచ్చే ఆవిడ. పది ముక్కల యంత్రాన్ని, బ్లేడు దాగి ఉన్న మూతను, పీచు తగిలితే పూత లేచిపోయే పెనాన్ని ఆమె చేతికి ఇచ్చి, గీతలు పడ్డాయని నొచ్చుకోవడం అన్యాయం. కూరగాయలను దారాలుగా తురిమే యంత్రాన్ని కడుగుతూ ఆమె వేలు తెగినందుకే అమ్మ దాన్ని అటకెక్కించిందని ఈసారి తెలిసింది. నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి, పదిహేనేళ్లలో మొదటిసారిగా, "వంటింట్లో నీకు ఏది కష్టంగా ఉందమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, ఆవకాయ సీసా మూత తిప్పలేకపోతున్నానని, పక్కింటి అబ్బాయి కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగవలసి వస్తున్నదని చెప్పింది. మూతను గట్టిగా పట్టుకొని తిప్పడానికి పొడవాటి పిడి, రబ్బరు పట్టీ ఉన్న చిన్న పనిముట్టు ఒకటి ఇక్కడ కొన్నాను. దానికి కరెంటు అక్కరలేదు, కడగవలసిన ముక్కలు లేవు. వచ్చే జనవరిలో వంటింటి కోసం తీసుకువెళ్లేది అదొక్కటే.