అమ్ముకోవడం ఎవరు నేర్పుతారు?

సొంతంగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకునే ప్రోగ్రామర్‌కు కోడ్ రాయడం పెద్ద కష్టమేమీ కాదు. అక్కడ ఇరుక్కుంటే పుస్తకాలున్నాయి, వెతికితే జవాబులు దొరుకుతాయి, ఇప్పుడైతే ఏఐని అడిగినా చెబుతుంది. చిక్కంతా కోడ్ పూర్తయ్యాకే. ధర ఎంత పెట్టాలి? ట్రయల్ ఎన్ని రోజులివ్వాలి? ఆరు నెలలు శుభ్రంగా వాడుకుని డబ్బు వెనక్కిమ్మనేవాడికి ఏమని జవాబివ్వాలి? లైసెన్స్ కీ దొంగ సైట్లకెక్కితే దాన్ని ఆపేయాలా? ఆపేస్తే నిజంగా డబ్బిచ్చి కొన్నవాడి సంగతేంటి? ఇలాంటివి అప్పటికే ఆ దెబ్బ తిన్నవాడే చెప్పాలి. ఆ దెబ్బ తిన్నవాడు చాలాసార్లు పోటీదారే అయి ఉంటాడు.

పోటీదారు తన గుట్టు ఊరికే ఎందుకు విప్పుతాడు? షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్) చరిత్ర చూస్తే, మొదటి నుంచీ విప్పుతూనే వచ్చాడు. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే కమ్యూనికేషన్ ప్రోగ్రామ్‌ను, జిమ్ నాఫ్ ఒక డేటాబేస్ ప్రోగ్రామ్‌ను జనంలోకి వదిలారు. కాపీ చేసుకోండి, మీవాళ్ళకీ ఇవ్వండి, నచ్చితే డబ్బు పంపండి అన్నది ఇద్దరి పద్ధతీ. ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకే ఆలోచన చేశారు. తెలిశాక మాత్రం మాట్లాడుకున్నారు. నాఫ్ తన ప్రోగ్రామ్ పేరును పీసీ-టాక్‌కు జతగా పీసీ-ఫైల్ అని మార్చుకున్నారు. ఒకరి ప్రోగ్రామ్ గురించి మరొకరు తమ డాక్యుమెంటేషన్‌లో రాశారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన బాబ్ వాలెస్ పీసీ-రైట్ అనే వర్డ్ ప్రాసెసర్‌తో ఇంకో అడుగు వేశారు. మీరిచ్చిన కాపీ అందుకున్నవాడు 75 డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకుంటే అందులో 25 డాలర్లు మీకే. అంటే ప్రతి వాడుకరీ సేల్స్‌మన్ అయ్యాడు. షేర్‌వేర్ అనే మాట స్థిరపడడంలోనూ వాలెస్ పాత్ర ఉంది.

అయితే మంచితనం ఒక్కటే వీళ్ళను కలపలేదు. ఫ్లాపీల మీద షేర్‌వేర్ నింపి కొద్ది డాలర్లకు అమ్మే డిస్క్ వ్యాపారులు పుట్టుకొచ్చారు. ఆ డబ్బు ఫ్లాపీకీ వాళ్ళ శ్రమకీ తప్ప, రాసినవాడికి ఒక్క పైసా చేరదు. కొన్నవాళ్ళేమో ప్రోగ్రామ్‌కు డబ్బు కట్టేశామనే అనుకునేవారు. మరోపక్క ఎవరో ఒకరు నాసిరకం సరుకు వదిలి, డబ్బు తీసుకుని మొహం చాటేస్తే షేర్‌వేర్ అంటేనే అంత అనే పేరు అందరికీ అంటుకునేది. ఈ రెండూ ఒక్కడి వల్ల తీరే పనులు కావు. 1987లో హ్యూస్టన్‌లో నెల్సన్ ఫోర్డ్ చొరవతో షేర్‌వేర్ ప్రోగ్రామ్‌లు రాసే కొందరు కలుసుకోవడం, అసోసియేషన్ ఆఫ్ షేర్‌వేర్ ప్రొఫెషనల్స్ పుట్టడం అందుకే. సభ్యుడితో కస్టమర్‌కు పేచీ వస్తే మధ్యవర్తిగా సంఘం ఒక అంబుడ్స్‌మన్‌ను పెట్టింది. సభ్యులు తమ ప్రోగ్రామ్‌తో వచ్చే డాక్యుమెంటేషన్‌లో ఆ సంగతి రాసేవారు. ముక్కూ మొహం తెలియని మనిషికి చెక్కు పంపడానికి జంకేవాడికి అదెంత ధైర్యమో ఊహించవచ్చు.

అలాగని సంఘం చేసిందంతా ఒప్పని అనలేను. మొదట్లో అది పెట్టిన ఒక నియమం ప్రకారం ట్రయల్ కాపీలో ఏ సౌకర్యాన్నీ ఆపకూడదు. పూర్తి ప్రోగ్రామ్ ఇచ్చి, కట్టాలా వద్దా అన్నది వాడేవాడి మనస్సాక్షికి వదిలేయాలి. వినడానికి గొప్పగానే ఉంటుంది. ముందే పేరు తెచ్చుకున్న ప్రోగ్రామ్‌కు అది చెల్లింది కూడా. కొత్తగా వచ్చినవాడి ప్రోగ్రామ్‌ను వేలమంది వాడుకుని పదిమంది కడితే వాడి గతేంటి? అద్దె కట్టాల్సిన మనిషికి ఆదర్శం చెప్పడం తేలిక. తర్వాత్తర్వాత ఆ నియమాన్ని వదులుకోక తప్పలేదు. స్వచ్ఛంద బృందాలకు ఇదొక పాత జబ్బు. నిలదొక్కుకున్నవాళ్ళే నియమాలు రాస్తారు, నిలదొక్కుకోనివాళ్ళు పాటించాలి.

సంఘం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది ప్యాడ్ ఫైల్. డౌన్‌లోడ్ సైట్లు వందల్లో ఉన్న రోజుల్లో కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక్కో సైట్‌లో అదే ఫారం నింపాలి. ప్రోగ్రామ్ పేరు, సైజు, ధర, వివరణ అన్నీ ప్యాడ్ అనే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌లో, అంటే యంత్రాలు చదవగలిగే పద్ధతిలో, పెట్టేస్తే సైట్లే చదువుకుంటాయి. చిన్న పనే, కానీ ఎన్ని వేల గంటలు మిగిల్చిందో. దీనికి వెర్రితలలూ మొలిచాయి. మనిషి చూసే అవసరం తప్పడంతో ఏది పంపినా అయిదు నక్షత్రాల అవార్డులిచ్చే సైట్లు పుట్టుకొచ్చాయి. 2007లో ఒక బ్రిటన్ ప్రోగ్రామర్ అసలు ఏ పనీ చేయని, కనీసం నడవని ఒక ఫైల్‌ను ప్రోగ్రామని చెప్పి పంపితే పదికి పైగా సైట్లు దానికి అవార్డులిచ్చాయి!

ఇలాంటి బృందంలో రోజూ నడిచే సాయం ఎలా ఉంటుందో ఒక్కటి దగ్గరగా చూద్దాం. ప్రోగ్రామర్ కొత్త వెర్షన్ విడుదల చేస్తాడు. మర్నాడు ఏదో యాంటీవైరస్ ఆ ఇన్‌స్టాలర్‌ను ప్రమాదకరమని చూపించి డిలీట్ చేసేస్తుంది. తప్పు దానిది, తిట్లు ఇతనికి. ఫైల్‌ను ఆ కంపెనీకి పంపి, పొరపాటని ఒప్పించేసరికి రోజులు గడుస్తాయి. ఈలోపు ఒక బగ్ సరిచేసి మళ్ళీ బిల్డ్ చేస్తే ఫైల్ మారిపోతుంది కనుక కథ మొదటికి రావచ్చు. అమ్మకాలు ఆగిపోయి టెన్షన్‌తో నిద్ర పట్టని ఆ మనిషికి అనుభవమున్నవాడు రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు: ఎగ్జిక్యూటబుల్‌ను (నడిచే ఫైల్‌ను) సైజు తగ్గించే యూపీఎక్స్‌తో కుదించావా? ముందు అది తీసెయ్. ఫైల్ నీదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం లేకుండా వదలకు. విడుదలకు ముందే, చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో పెట్టి చూసుకో. 2023 జూన్ నుంచి ఆ సంతకానికి వాడే ప్రైవేట్ కీని సురక్షితమైన హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నిబంధన వచ్చింది కనుక సరదాగా రాసేవాడికి అదీ ఒక భారమే. ఆ సంతకానికి కావాల్సిన సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకుంటే తలనొప్పి తక్కువో కూడా తోటివాడే చెప్పాలి.

డబ్బు విషయంలో ఈ మాటసాయం ఇంకా విలువైనది. 1994 నుంచి షేర్‌వేర్ రచయితల తరఫున చెల్లింపులు వసూలు చేసిన కాగీ సంస్థ 2016 జులైలో ఉన్నట్టుండి మూతపడింది. అమ్ముడైన సరుకు డబ్బు చాలామందికి చేతికందలేదు. చెల్లింపులు ఆలస్యమవుతున్నాయన్న గుసగుస ఇలాంటి చోట్ల ముందు ఒకరిద్దరి నోట వస్తుంది. నలుగురితో సంబంధం ఉన్నవాడు సర్దుకుంటాడు, ఒంటరివాడు మునుగుతాడు.

మరి ఇంత ఉపయోగపడే సంఘం ఎందుకు ముగిసింది? కాలంతోపాటు తన పేరులోని షేర్‌వేర్‌ను సాఫ్ట్‌వేర్‌గా మార్చుకుని, 2021 చివర్లో తలుపులు మూసుకుంది. కీచులాటలూ అలసటా ఏ సంఘంలోనైనా ఉండేవే. అసలు దెబ్బ యాప్ స్టోర్లు కొట్టాయని నా అభిప్రాయం. 2008లో యాపిల్ తన యాప్ స్టోర్ తెరిచాక చెల్లింపులు, పంపిణీ, దొంగ కాపీలు, పన్నులు అనే తలనొప్పులను 30 శాతం కమిషన్‌కు అప్పగించేసే వీలు కలిగింది. అడగాల్సిన ప్రశ్నలే తగ్గిపోయాయి, కనుక అడిగేవాళ్ళూ తగ్గారు. కానీ స్టోర్ రేపు మీ యాప్‌ను తిరస్కరిస్తే? పాత రోజుల్లో వ్యాపారి మోసం చేస్తే ఇంకో వ్యాపారి దొరికేవాడు. ఇప్పుడు అప్పీల్ బటన్ నొక్కి ఎదురుచూడడమే. 2021 నుంచి చిన్న డెవలపర్లకు కమిషన్ 15 శాతానికి తగ్గింది. అంతకుముందు ఏడాది యాపిల్ మీద కోర్టులోనూ చట్టసభలోనూ గొడవ నడిచింది. ఆ గొడవలో పెద్ద కంపెనీల గొంతే ఎక్కువ వినిపించింది.

అందుకే కొత్తగా ఎవరైనా ఇలాంటి బృందం కడితే కోడింగ్ సందేహాల జోలికి పోకుండా మూడు పనులు పట్టుకుంటే చాలనిపిస్తుంది. స్టోర్ తిరస్కరణలనూ యాంటీవైరస్ పొరపాట్లనూ పోగేసి అందరి తరఫున ఒకే గొంతుతో అడగడం. జవాబులు చెప్పే అరడజను మంది ఎప్పటికీ అదే అరడజను మంది కాకుండా వంతులు వేసుకోవడం. జీతానికి ఒక మనిషిని పెట్టుకునేంత చందా మొహమాటపడకుండా వసూలు చేయడం. ఊరికే చేసేవాడు ఒకరోజు ఊరికే మానేస్తాడు, అది అతని తప్పు కాదు.

నాలుగోది కష్టమైనది. ఫ్లూగెల్‌మన్ 1985లో కనిపించకుండా పోయారు. ఒక్కడే నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఒక్కడూ లేకపోతే ఏమవుతుంది? అప్పట్లో ఫ్లాపీలో ఉన్న కాపీ నడుస్తూనే ఉండేది. ఇప్పుడు లైసెన్స్ కీని సరిచూసే సర్వర్‌కు అద్దె కట్టేవాడు లేకపోతే, డబ్బిచ్చి కొన్నవాడి కంప్యూటర్‌లోనూ ప్రోగ్రామ్ తెరుచుకోకపోవచ్చు. సోర్స్ కోడ్‌నూ, కీలు తయారుచేసే ప్రోగ్రామ్‌నూ బృందం దగ్గర దాచి ఉంచి, అవసరం పడితే తాళం తీసేసిన చివరి వెర్షన్‌ను కస్టమర్లకు ఇచ్చే ఏర్పాటు సాంకేతికంగా సులువే. సోర్స్ కోడ్‌ను పోటీదారుల చేతికి ఇవ్వడానికి ఎంతమంది ఒప్పుకుంటారన్నదే తేలాలి.