మా అపార్ట్‌మెంటు పీసాను దాటిన రాత్రి

మా అపార్ట్‌మెంటు పక్క ఖాళీ స్థలంలో మూడు సెల్లార్లతో పెద్ద టవరు రాబోతున్నదని తెలిసిన నాటి నుంచి జరిగినవన్నీ చెప్పుకొస్తే తెల్లవారుతుంది కనుక క్లుప్తంగా ముగిస్తాను. హైదరాబాదు నేల కింద ఉన్నదంతా గట్టి రాయే. వాళ్ళు దాన్ని కొట్టడం మొదలుపెట్టారు, మా గోడలు అదిరాయి, మేము గొడవ పెట్టుకున్నాము, చివరికి ఆ బిల్డరు తన ఖర్చుతోనే మా భవనానికి సెన్సార్లు పెట్టించడానికి ఒప్పుకున్నాడు. పార్కింగులో నాలుగు మూలల స్తంభాలకు, అవి ఎంత ఒరిగాయో కొలిచే నాలుగు టిల్ట్ మీటర్లు, ప్రహరీ వైపు దూలం మీది పాత పగులుకు ఒక క్రాక్ మీటరు, వీటి లెక్కలన్నీ పోగుచేసి ఎప్పటికప్పుడు పైకి పంపే డేటా లాగరు ఒకటి వచ్చి కూర్చున్నాయి. అసోసియేషన్ సెక్రటరీని కనుక హెచ్చరికలు వచ్చే ఫోన్ నంబరు నాదే ఇచ్చారు. ఆ గౌరవానికి ఆనాడు నేను పొంగిపోయిన మాట నిజం.

అమర్చడానికి వచ్చిన కుర్రవాడు మాకు చిన్న ఉపన్యాసమే ఇచ్చాడు. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపోలిస్‌లో మిసిసిపీ నది మీది వంతెన సాయంత్రం రద్దీ వేళ కూలిపోయి 13 మంది చనిపోయారని, మరుసటి ఏడాదే దాని స్థానంలో కట్టిన కొత్త వంతెనలో 300కు పైగా సెన్సార్లు పొదిగారని, అవి కాంక్రీటు ఎంత సాగుతున్నదీ, ఎంత ఊగుతున్నదీ నిత్యం చెబుతూనే ఉంటాయని వివరించాడు. అతడి ధోరణి చూస్తే మా అయిదంతస్తుల భవనానికీ, ఆ వంతెనకూ మధ్య తేడా కింద నీళ్ళు లేకపోవడం ఒక్కటే అనిపించింది. క్రాక్ మీటరు సంగతి మాత్రం నాకు నిజంగా నచ్చింది. పగులుకు అటూ ఇటూ రెండు మేకులు, వాటి మధ్య బిగించిన సన్నని తీగ ఉంటాయి. పగులు వెడల్పయితే, వీణ తీగను బిగించినప్పుడు శ్రుతి పెరిగినట్టు, దీని కంపనం కూడా పెరుగుతుంది; ఆ కంపనాన్ని లెక్కపెట్టి పగులు ఎన్ని మైక్రాన్లు కదిలిందో చెప్పేస్తుంది. మొదటి కొన్ని వారాలు ఆ గ్రాఫు చూడకుండా నేను కాఫీ తాగలేదు. ఎండకు కాంక్రీటు వ్యాకోచించి ఆ పగులు పగలంతా కొద్దిగా మూసుకుంటుంది, రాత్రి చల్లబడ్డాక మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ విషయం నేను లిఫ్టులో కనిపించిన ప్రతివారికీ చెప్పేవాడిని. తరువాత తరువాత చాలామంది మెట్లు వాడటం మొదలుపెట్టారు.

ఇక అసలు రాత్రి. రెండు దాటాక ఫోన్ మోగింది. తెర మీద ఎర్రటి అక్షరాలతో, "ఎరుపు హెచ్చరిక. వంపు 4.82 డిగ్రీలు. తగు చర్య తీసుకోగలరు" అని ఉంది. ఏ స్తంభం, ఎప్పటి నుంచి, మిగతా మూడు స్తంభాలు ఏమంటున్నాయి అన్న వివరం ఒక్కటి కూడా లేదు. ఆ వివరాలు చూడాలంటే లోపలికి లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ పక్క సైటు ఇంజినీరు ఫోనుకు వెళుతుంది, ఎందుకంటే డబ్బు కట్టినవాడు బిల్డరు. హెల్ప్‌లైనుకు చేస్తే, ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు మాత్రమే సేవలు లభిస్తాయని ఒక అమ్మాయి రికార్డు గొంతు ఎంతో ఆప్యాయంగా చెప్పింది. భవనాలు ఆఫీసు వేళల్లోనే ఒరగాలన్న నియమం ఈ దేశంలో ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. తగు చర్య ఏదో నిర్ణయించవలసినవాడిని, బనియను లుంగీలో ఉన్న నేను ఒక్కడినే మిగిలాను.

అందరినీ ఎలా లేపి కిందికి దింపానో చెప్పను. దింపాను.

వాన అప్పుడే తెరిపిచ్చింది. రోడ్డుకు అవతలి వైపు నిలబడి మేమంతా మా భవనాన్ని చూడటం మొదలుపెట్టాము. ఒక భవనం ఒరిగిందా లేదా అని అర్ధరాత్రి వీధి దీపం వెలుగులో తేల్చడం ఎంత కష్టమో అనుభవిస్తే కాని తెలియదు. మొదటి అంతస్తు వారికి అది ఎడమకు ఒరిగినట్టు కనిపించింది, నాలుగో అంతస్తు వారికి కుడికి. మూడో అంతస్తు ఐటీ అబ్బాయి ఫోన్ కెమెరాలో గీతలు పెట్టి చూసి, ఒరిగింది కరెంటు స్తంభమని ప్రకటించాడు. ఇంతలో ఎవరో పీసా గోపురం సంగతి ఎత్తారు, వెంటనే పది ఫోన్లు వెలిగాయి. ఆ గోపురం దాదాపు 5.5 డిగ్రీలు ఒరిగి ప్రమాదంలో పడటంతో 1990లో మూసివేసి, ఎత్తుగా ఉన్న వైపు కింది మట్టిని కొద్దికొద్దిగా తీసి, వంపును దాదాపు 4 డిగ్రీలకు తగ్గించి 2001లో మళ్ళీ తెరిచారట. అంటే నా ఫోను ప్రకారం ఆ క్షణాన మా అపార్ట్‌మెంటు పీసాను దాటిపోయింది. టికెట్టు పెట్టుకుంటే మెయింటెనెన్సు కట్టనక్కరలేదని ఎవరో అన్నారు. ఇల్లు కూలబోతున్నదనుకుంటూనే మనవాళ్ళు మెయింటెనెన్సు గురించి మాట్లాడగలరు. ఇంటి దస్తావేజులు అనుకుని నేను గుండెలకు హత్తుకుని తెచ్చిన సంచిలో ఫ్రిజ్ వారంటీ కాగితాలు ఉన్నాయని అప్పుడే గమనించాను. ఆ ఫ్రిజ్ అమ్మేసి చాలాకాలమయింది.

సరిగ్గా ఆ సమయంలోనే మా కోశాధికారి గారు గుంపులో వెనక నిలబడి కనిపించారు. మర్నాడు జరగవలసిన సర్వసభ్య సమావేశానికి లెక్కలు చూపలేకపోతున్నందుకు చింతిస్తున్నానని, తిరుమలలో ఉన్నానని, తలనీలాలు కూడా సమర్పించానని ఆ సాయంత్రమే ఆయన గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఇప్పుడు నిండు జుట్టుతో, నైట్ ప్యాంటులో, వీధి దీపం కిందనే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ ఆయన తల వైపు ఒకసారి, భవనం వైపు ఒకసారి చూశారు.

మమ్మల్ని గట్టెక్కించినది రిటైర్డ్ ఆర్ అండ్ బీ ఇంజినీరు గారు. "సెక్రటరీ గారూ, 4.82 డిగ్రీలంటే ఏమిటో తెలుసా? మన బిల్డింగు ఎత్తు పద్దెనిమిది మీటర్లనుకోండి, పై అంతస్తు పక్క స్థలం మీదికి మీటరున్నర జరిగి ఉండాలి. ఎత్తులో 500వ వంతు వంగితేనే, అంటే 0.11 డిగ్రీకే, మేము కంగారు పడేవాళ్ళం. అంత వంగితే మీరు మెట్లు దిగి వచ్చేవారు కారు, మెట్లే మీతో వచ్చేవి" అని, వాచ్‌మన్‌ను పిలిచి మేస్త్రీలు వాడే తూకం గుండు తెప్పించారు. మేము వద్దు వద్దని అరుస్తూ ఉండగానే పార్కింగులోకి నడిచి వెళ్ళి, ఒక్కొక్క స్తంభం పక్కన దారం వేలాడదీసి, పైనా కిందా స్కేలు పెట్టి కొలిచారు. మూడు మీటర్ల స్తంభానికి పాతిక సెంటీమీటర్ల తేడా రావాలి. ఎక్కడా వెంట్రుకవాసి కూడా రాలేదు.

నాలుగో స్తంభం దగ్గర ఆగి నన్ను పిలిచారు. టిల్ట్ మీటరు డబ్బాను పట్టి ఉంచే ఇనుప బద్ద కిందికి వంగి ఉంది. దానికి ఒక నైలాను తాడు, ఆ తాడు రెండో కొస మోటారు గది జాలీకి, తాడు మీద తడిసి ముద్దయిన ఒక డబుల్ కాటు బొంత. వాన మొదలవగానే మేడ మీది బట్టలు కిందికి తెచ్చి ఆరవేశానని వాచ్‌మన్ వినయంగా చెప్పాడు. రెండో అంతస్తు పిన్నిగారు రోడ్డు మీది నుంచే, "అది మాదే బాబూ, మెల్లగా తియ్యండి, కుట్లు ఊడిపోతాయి" అని కేకవేశారు.

ఆ డబ్బాలో ఉన్న చిప్పుకు తెలిసినది ఒక్కటే, భూమి ఆకర్షణ ఏ దిక్కున ఉందన్నది. డిగ్రీలో వందో వంతు తేడాను కూడా అది పట్టేస్తుంది, కానీ ఒరిగినది స్తంభమా, బద్దా అన్నది దానికి తెలియదు. ఆ సంగతి తేల్చవలసినది మనుషులు రాసిన సాఫ్టువేరు. మిగతా మూడు స్తంభాలు నిటారుగా ఉన్నాయని చెబుతున్నప్పుడు, భవనం ఒక్క మూల మాత్రమే పీసా వైపు ప్రయాణం చేయదని గ్రహించడానికి పెద్ద గణితం అక్కరలేదు. ఇదే విషయం కంపెనీకి రాశాను. "మా పరికరం సక్రమంగా పనిచేసింది, బొంత బరువును సైతం ఖచ్చితంగా నమోదు చేసింది, మీ సహకారానికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది.

తరువాత టెక్నీషియన్ వచ్చి బద్దను సరిచేసి మళ్ళీ బిగించాడు. కొత్తగా బిగించిన కోణం పాత కోణంతో పూర్తిగా కలవలేదు కనుక, ఇప్పుడు మా అపార్ట్‌మెంటు 0.3 డిగ్రీలు రోడ్డు వైపు ఒరిగినట్టు రోజూ ఎరుపు హెచ్చరిక వస్తున్నది. దీన్ని మళ్ళీ సున్నా చేయాలంటే భవనం నిటారుగానే ఉందని అసోసియేషన్ తరఫున లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలట, దాని మీద సెక్రటరీతో పాటు కోశాధికారి సంతకం కూడా ఉండాలట. ఆయన ప్రస్తుతం నిజంగానే తిరుమల వెళ్ళారు.