జెల్ దొరగారికి పాత నౌకరు విన్నపం

మహారాజశ్రీ జెల్ గారి దివ్యసముఖానికి,

కరెంటు పెట్టి ప్రోటీన్లను, డీఎన్ఏ ముక్కలను విడదీసే జెల్లీ పలక తమరు. తమరి కొలువులో చేరినప్పుడు నా పని ఒకటే. రెండు గాజు పలకల మధ్య తమరిని పోయడం, అడుగు నుంచి కారిపోతుంటే చూడడం, మళ్లీ పోయడం. గడ్డకట్టక ముందు తమరు నరాలకు విషం, కట్టాక పరమసాధువు. ఆ మధ్య వేళలో తమరిని గడ్డకట్టించే టెమెడ్ అనే రసాయనం కంపు నాకు ప్రసాదం.

తమరి వంశం గొప్పదే. 1937లో టిసేలియస్ గారు ద్రావణంలోనే ప్రోటీన్లను పరుగెత్తించే నాటికి తమరికింకా కొలువు దక్కలేదు. గదంతా ఆక్రమించే ఆ యంత్రం చేసిన పనికి 1948లో నోబెల్ వచ్చింది. 1955లో స్మితీస్ గారు బంగాళాదుంప పిండిని ఉడికించి తమరిని పీఠమెక్కించారు. 1970లో లెమ్లీ గారు ప్రోటీన్లన్నిటికీ ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి రసాయనం పట్టించి, వాటి సొంత విద్యుదావేశాలు కప్పేసి, సైజును బట్టి నడవమన్నారు. (ఆ పేపరును చదివినవాళ్ల కన్నా ఉటంకించినవాళ్లే ఎక్కువని నా అనుమానం.) 1975లో ఓఫారెల్ గారు తమరిని రెండు దిక్కులా నడిపి ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి 1100 ప్రోటీన్ చుక్కలు రాబట్టారు. ఏ చుక్క ఏ ప్రోటీనో చెప్పే పని మాత్రం మా నెత్తిన పడింది.

డీఎన్ఏ అక్షరాల వరుస చదివే సీక్వెన్సింగ్ రోజుల్లో తమరి దర్పం చూడాలి! ఎక్స్‌రే ఫిల్ముని లైట్ బాక్సు మీద పరిచి, ఒకరు ఏ, సీ, జీ, టీ అని చదువుతుంటే ఇంకొకరు రాసుకోవడం. చదివేవాళ్లు తుమ్మితే వరుస తప్పేది. పలక మధ్యలో వేడెక్కితే తమరి మీది గీతలు (బ్యాండ్లు) వంగి నవ్వు మొహం పెట్టేవి. రాత్రంతా మేలుకున్నవాణ్ణి చూసి నవ్వడం తమరికే చెల్లింది.

తర్వాత పలకల బదులు వెంట్రుకంత సన్నటి గొట్టాలొచ్చాయి, పోయడం తప్పింది. ఆపైన అరచేతిలో పట్టే చిప్‌లొచ్చాయి. నిమిషాల్లో గ్రాఫు చేతికొస్తుంది. కానీ గ్రాఫు చూపిస్తే మా పెద్దలకు నమ్మకం కుదరదు. అందుకని ఆ యంత్రమే పక్కన బూడిదరంగు గీతలతో తమరి బొమ్మ గీసిపెడుతుంది. పలకా లేదు, నమూనాలకు గుంటలు చేసే దువ్వెనా లేదు, రంగూ లేదు, అయినా బొమ్మ ఉంది! దాన్ని చూడగానే అందరూ "ఆ, ఇప్పుడు తెలిసింది" అని తలూపుతారు.

ఈమధ్య మా పేపరును పరిశీలించే ఒక రివ్యూయరు గారు ఆ చిప్ ఫలితానికి కత్తిరించని అసలు జెల్ ఫోటో జతచేయమన్నారు. జెల్ ఫోటోల్లో గీతలు కత్తిరించి అతికించి పేపర్లు వేసుకునే మహానుభావుల పుణ్యమా అని ఆ నియమం పుట్టింది, సబబే. కానీ తమరు అడుగే పెట్టని ప్రయోగానికి తమరి ఫోటో ఎక్కణ్ణుంచి తెమ్మంటారో తమరే సెలవివ్వాలి. జవాబివ్వడానికి గడువు దగ్గరపడింది.

ఇట్లు,
తమరి పాత నౌకరు