స్క్రీన్ బాగున్నా పీసీ పారేయాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇంట్లో వాడుకునేవాళ్లు మరో ఏడాది పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలు పెట్టారు కానీ, అది గడువు పెంచడమే. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవ్వాలి. ఈ గీతకు అవతల ఉండిపోయిన మెషీన్లలో అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగింది స్క్రీన్, కంప్యూటర్ ఒకే పెట్టెలో ఉండే ఆల్ ఇన్ వన్‌లకే.

మామూలు డెస్క్‌టాప్‌లో సీపీయూ పాతబడితే దాన్ని పక్కన పెట్టి, మానిటర్‌ని కొత్తదానికి తగిలించుకుంటాం. ఆల్ ఇన్ వన్‌లో ఆ అవకాశం లేదు. చాలా మోడళ్లలో బయటి నుంచి వీడియో తీసుకునే పోర్టే ఉండదు. లోపల బోర్డుకి సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఆగిపోతే, ఇంకో పదేళ్లు పనిచేయగల 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ కూడా దాంతోపాటే స్క్రాప్‌కి పోతుంది. అందుకే పాత ఆల్ ఇన్ వన్‌లో విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయడాన్ని నేను కంప్యూటర్ పిచ్చివాళ్ల సరదాగా చూడను. ఆ స్క్రీన్‌ని కాపాడుకునే దారుల్లో అన్నిటికంటే చవకైనది అదే.

అయితే లినక్స్ వేయగానే మెషీన్ పరుగులు పెడుతుందనే ప్రచారం నమ్మితే నిరాశ తప్పదు. ఆల్ ఇన్ వన్ అంటే చాలావరకు నిలబెట్టిన ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్ ర్యామ్, రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్, బయట ఒక అడాప్టర్. 2014-17 మధ్య వచ్చిన వాటిలో ఎక్కువగా కనిపించేది 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 సార్లు తిరిగే 1 టీబీ డిస్క్. ఆన్ చేసి టీ తాగొచ్చేదాకా తెరుచుకోకపోవడానికి చాలాసార్లు అసలు కారణం ఆ డిస్కే. అదే డిస్క్ మీద లినక్స్ వేసినా నత్తనడకే. కాబట్టి మొదటి ఖర్చు శాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మీద పెట్టాలి, వీలైతే ర్యామ్‌ని 8 జీబీ చేయాలి. కొన్ని మోడళ్లకు వెనక మూత తీస్తే చాలు, కొన్నిటికి స్క్రీన్ వైపు నుంచి విప్పాలి. 2012 చివర్లో వచ్చిన మోడళ్ల నుంచి యాపిల్ ఆల్ ఇన్ వన్‌లైన ఐమ్యాక్‌లకైతే అద్దాన్ని జిగురుతో అంటించేశారు. వాటిని విప్పే సాహసం చేయకుండా, యూఎస్‌బీ 3 పోర్టుకి బయట ఎస్ఎస్‌డీ తగిలించి దాంట్లోనే లినక్స్ వేసుకోవడం తెలివైన పని.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. ఏది వేయాలన్న చర్చకు అంతు లేదు, అంత అవసరమూ లేదు. లినక్స్ మింట్ అనే రకం తీసుకోండి. ర్యామ్ 4 జీబీ ఉంటే దాంట్లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 ఉంటే సినమన్ ఎడిషన్. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీతో బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి మాత్రం లినక్స్‌ని తిట్టకండి, ఆ మెమరీ తినేది బ్రౌజర్.

ఇన్‌స్టాల్ కంటే ముందు ముఖ్యమైనది పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూడటం. డిస్క్‌లో ఏదీ చెరగదు, నచ్చకపోతే రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ వస్తుంది. ఆల్ ఇన్ వన్‌లో అన్నీ లోపలే అతుక్కుని ఉంటాయి కాబట్టి ఈ పరీక్ష ఓపికగా చేయాలి. వైఫై, కెమెరా, మైక్, స్పీకర్లు, టచ్, స్లీప్‌లోకి వెళ్లి తిరిగి లేవడం, అన్నీ చూడాలి. బ్రైట్‌నెస్ ప్రత్యేకంగా చూడాలి. విడి మానిటర్‌కైతే బటన్ ఉంటుంది. చాలా ఆల్ ఇన్ వన్‌లలో ఆ పని సాఫ్ట్‌వేర్‌దే, అది కుదరకపోతే స్క్రీన్ ఎప్పుడూ కళ్లు చెదిరే వెలుగుతోనే ఉంటుంది. బూట్ సెట్టింగ్‌లో చిన్న మార్పుతో కొన్నిటికి ఇది సర్దుకుంటుంది. పాత ఐమ్యాక్‌లలో ఉండే బ్రాడ్‌కామ్ వైఫై చాలాసార్లు మొదట పనిచేయదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ దింపుకోవచ్చు.

మన దగ్గర అసలు అడ్డంకి హార్డ్‌వేర్ కాదు, చేసే పని. డీటీపీ సెంటర్ల సంగతే తీసుకోండి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పోగుపడి ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల ప్రమాణం) కావు. ఆ ఫైళ్లను లినక్స్‌లో తెరిచి యథాతథంగా దిద్దుకోవడం కుదరదనే అనుకోవాలి. టైపింగ్‌కి మాత్రం ఇబ్బంది లేదు. చేతికి అలవాటైన, యాపిల్ అని పిలిచే తెలుగు కీబోర్డు లేఅవుటూ ఉంది, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుటూ ఉంది. ట్యాలీ, డిజిటల్ సంతకాల టోకెన్లు, వేలిముద్రల మెషీన్ల మీద బతికే కౌంటర్లకూ లినక్స్ అంటగట్టకూడదు. మన ఆఫీసుల్లో ఎటు చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ కూడా లినక్స్‌తో సులువుగా కలవదు. ఆన్‌లైన్ క్లాసులు, వీడియోలు, బిల్లులు, అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్ వరకే పరిమితమైన ఇళ్లకు ఈ చిక్కులేవీ ఉండవు. అలాంటి ఇళ్లే ఎక్కువ.

వాళ్లు కూడా లినక్స్ వైపు చూడకపోవడానికి కారణం అడిగే దిక్కు లేకపోవడం. రిపేర్ షాపుకి తీసుకెళ్తే టీపీఎం తనిఖీని దాటేసి విండోస్ 11 వేసిస్తారు, చాలాసార్లు పైరేటెడ్. సపోర్ట్ లేని హార్డ్‌వేర్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసుకోవడం నాకైతే టెన్షన్. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఉబుంటు ఆధారంగా తయారుచేసుకున్న లినక్స్ ఏళ్లుగా నడుస్తోందంటే, అక్కడి కంప్యూటర్లు గొప్పవి కావడం వల్ల కాదు. ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థ అందరికీ ఒకే సిస్టమ్ తయారుచేసి, టీచర్లకు శిక్షణ ఇచ్చింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ లాంటి స్వచ్ఛంద సంస్థ ఎంత కష్టపడినా, ఆ స్థాయి పని ప్రభుత్వం తలకెత్తుకుంటేనే సాధ్యం.

డీటీపీ సెంటర్‌లో ఉన్న ఆల్ ఇన్ వన్‌కి నా సలహా వేరు. దాంట్లో విండోస్ 10 అలాగే ఉంచి, నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి, పాత అను ఫైళ్ల కోసమే వాడుకోండి. కొత్త మ్యాటర్ ఇంకో మెషీన్‌లో యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టండి.